పాత ఆటపెట్టెయు మన అక్షరములును

పై తరగతుల విద్యార్థులు కొందరు మా యెదుట నొక కోరిక నుంచిరి. మూతపడిన యొక వీడియో ఆటల అంగడినుండి నిలువెత్తు పెట్టె యొకటి ఊరకే లభించుచున్నది. తెర వెలుగదు, బొత్తాములు సగము లేవు, అడుగుపలకను చెదలు తినినవి. దానిని బాగుచేసి, లోపల చిన్న కంప్యూటరు నమర్చి, ఒక్క పెట్టెలోనే పెక్కు ఆటలు ఆడుటకు వీలు కల్పింతుమనియు, అందుకై పాఠశాలలో నొక మూల చోటియ్యవలెననియు వారి విన్నపము. ఈ మాట వినిన తల్లిదండ్రులలో కొందరు నొచ్చుకొనిరి. చేతిలోని ఫోను చాలక బడిలోకూడ ఆటయేనా యని యొకరు, ఆ ఖర్చుతో తెలుగు పుస్తకములు కొనరాదా యని వేరొకరు అడిగిరి. ఈ రెండు ప్రశ్నలును త్రోసివేయదగినవి కావు. ఐనను ఈ విషయమున మేము విద్యార్థుల పక్షమే వహించుచున్నాము. కాని వారు తలపెట్టిన విధమున గాక వేరొక విధమున ఆ పని జరుగవలెనని మా అభిప్రాయము.

నేటి పిల్లలలో పెక్కుమంది ఇట్టి పెట్టెను కన్నులార చూచియుండరు గనుక దాని పుట్టుపూర్వోత్తరములు కొంచెము చెప్పవలసియున్నది. నాణెము వేసి ఆడు వీడియో ఆటలలో వ్యాపారమునకై తయారైన మొదటిది 1971లో అమెరికాలో వెలువడిన కంప్యూటర్ స్పేస్. అది అంతగా ఆదరణ పొందలేదు. మరుసటి యేడు, 1972లో, అటారీ సంస్థకొరకు అలన్ ఆల్కార్న్ అను ఇంజనీరు నిర్మించిన పాంగ్ అను బంతియాట జనుల నాకర్షించినది. పిమ్మట జపానునుండి 1978లో తొమొహిరో నిషికాదో రూపొందించిన స్పేస్ ఇన్వేడర్స్, 1980లో తోరు ఇవాతాని రూపొందించిన పాక్‌మాన్ వచ్చి లోకమంతట వ్యాపించెను. ఒక పెట్టె, ఒక తెర, ఒక ఆట: ఇది ఆనాటి పద్ధతి. ఆట మార్చవలెనన్న లోపలి బోర్డు మార్చవలసినదే.

మన దేశపు పట్టణములలో ఈ పెట్టెలకు 1990 దశకము మంచికాలము. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 అను మల్లయుద్ధపు టాటను, 1993లో వచ్చిన కాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అను ఆటను ఆనాటి బాలురు మరువలేదు. ఈ రెండవదాని పేరు పలుకుటకు వారిలో ఎవ్వరికిని నోరు తిరుగలేదు. అందలి నలుగురు వీరులలో ఒకడైన ముస్తఫా పేరే ఆటకు పేరైపోయినది. నేడు నలువది యేండ్లు దాటిన వారిని అడిగిచూడుడు. ముస్తఫా యనిన వెంటనే వారి ముఖమున నవ్వు పుట్టును. పరాయివాడు పెట్టిన పేరు తొలగించి తమ నోటికి వచ్చిన పేరు పెట్టుకొనుట జనులకు సహజము. ఈ చిన్న సంగతిని జ్ఞాపకముంచుకొనుడు; ముందు దీనితో పనియున్నది.

ఇట్టి పెట్టె నేల కాపాడవలెను? పాతదగుటచేత మాత్రమే కాదు. పాతవన్నియు దాచినచో ఇంటిలో మనుష్యులకు చోటుండదు. ఈ పెట్టెయందొక గుణము కలదు. దానియెదుట ఇద్దరు భుజము భుజము రాచుకొని నిలువవలెను. వెనుక నలుగురు చేరి, ఇటు తిప్పుము, అటు దూకుము అని కేకలు వేయుదురు. ఓడినవాడు ప్రక్కకు తొలగి తరువాతివానికి చోటియ్యవలెను. ఫోనులో ఆడువాడు ఒంటరిగా మూలకు చేరి, తల వంచి, ఎవరితోను మాటలేక గంటలు గడపును. ఎదుటివాడెవడో, ఏ దేశపువాడో వానికి తెలియదు. తల్లిదండ్రుల కోపము ఆటమీద గాక ఈ ఒంటరితనముమీద ఉండవలసినది. మాటలేని ఆటలో ఏ భాషయు పెరుగదు. మనవంటి వారికి, ఇల్లు దాటినచో తెలుగు వినబడుట అరుదైన చోట నివసించువారికి, ఇది చిన్న విషయము కాదు.

అమెరికాలో రాచెస్టరు నగరమున ది స్ట్రాంగ్ అను ఆటల మ్యూజియము కలదు. 2015లో వారు వీడియో ఆటలకొక గౌరవ పట్టిక నెలకొల్పి పాంగ్, పాక్‌మాన్ మొదలగువానిని మొదటి వరుసలో చేర్చిరి. పండితులు ఆటలను భద్రపరచుట వింతగాదని తెలుపుటకే దీనిని పేర్కొంటిమి.

ఇక పనిలోనికి దిగుదము. పెట్టె చేతికి రాగానే దాని కడుపు చీల్చుట తగదు. మొదట లోపలి బోర్డు బ్రదికియున్నదో లేదో పరీక్షింపవలెను. అది బ్రదికియున్నచో దానిని తీసివేసి కంప్యూటరు పెట్టుట మా దృష్టిలో అపచారము. చక్కగా మీటగల వీణను పగులగొట్టి బీరువా చేసినట్లుండును. బోర్డు లేక, తెర లేక, ఒట్టి పెట్టె మిగిలినప్పుడే మార్పునకు పూనుకొనవలెను. అప్పుడుకూడ కొత్త రంధ్రములు వేయక, ఉన్నవానినే ఉపయోగించుకొని, తీసిన ప్రతి భాగమును చీటీ కట్టి దాచిపెట్టవలెను. రేపు మరియొకరు దానిని పూర్వరూపమునకు తేదలచినచో ఆ దారి మూయుట మనకు న్యాయము కాదు. విద్యార్థులు చెప్పిన పెట్టెలో బోర్డు లేదు గనుక దానికి మార్పు చేయుట తప్పుగాదని తలంచుచున్నాము.

పాత బోర్డులు చచ్చుటకు గల కారణములలో నొకటి విచిత్రమైనది. కాప్‌కాం సంస్థ 1993లో తెచ్చిన ఒక బోర్డుల జాతిలో, ఆటను దొంగిలింపకుండుటకై, దానిని చదువు రహస్యసంకేతమును చిన్న బ్యాటరీతో నిలిచియుండు జ్ఞాపకమున దాచిరి. బ్యాటరీ అయిపోయినచో సంకేతము చెరిగిపోవును. బోర్డునకు ఏ దెబ్బయు తగులకున్నను ఆట లేవదు. కాపాడుటకై పెట్టిన తాళమే చంపినది. ఔత్సాహికులు కొందరు ఏండ్లతరబడి శ్రమించి ఆ సంకేతములను కనుగొని అట్టి బోర్డులను మరల లేపిరి.

తెర విషయమున మాత్రము మేము కఠినముగా చెప్పుచున్నాము. పాత పెట్టెలలో నుండునది గాజు పిక్చరు ట్యూబు. రంగుల ట్యూబు లోపల సుమారు 20,000 వోల్టుల విద్యుత్తు పనిచేయును. తీగ పీకివేసిన తరువాతకూడ ఆ శక్తి కొంత ట్యూబులో నిలిచియుండును. తెలియక వ్రేలు పెట్టినవానికి ప్రాణాపాయము. పైగా ఆ గాజులో సీసము కలిసియున్నది. పగులగొట్టి చెత్తలో వేయరాదు. కావున ట్యూబును టెలివిజను మరమ్మతులో ఆరితేరినవారు వచ్చి దింపువరకు పిల్లలెవ్వరును వెనుకతలుపు తెరువకూడదు. ఇనుప సామానుల అంగడికి దానిని అమ్ముటయు కూడదు. ఎలక్ట్రానిక్ చెత్తను సేకరించువారికే అప్పగింపవలెను.

మిగిలిన పని వడ్రంగమును, తీగల కూర్పును. చెదలు తిన్న అడుగుపలకను కోసి, మంచి ప్లైవుడ్డు వేసి, చెదలమందు పూయవలెను. తీగల విషయమున మనకొక మేలు జరిగియున్నది. 1985లో జపాను యంత్రకర్తలందరు కూడి, పెట్టెకును బోర్డునకును నడుమ 56 స్పర్శలుగల ఒకే విధమైన కూడలి యుండవలెనని నిర్ణయించుకొనిరి. దానిని జామా యందురు. ఏ తీగ ఏ బొత్తామునకు పోవునో ఆ పట్టిక చూచినవానికి తెలియును. ఆ కూడలికి చిన్న కంప్యూటరును తగిలించు సాధనములు దొరుకుచున్నవి. లోపల పెట్టుటకు పెద్ద కంప్యూటరుతో పనిలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో బడిపిల్లలకై రూపొందించి 2012లో విడుదలచేసిన రాస్ప్‌బెరీ పై అను అరచేతి కంప్యూటరు మొదట 35 డాలర్లకు అమ్మిరి. పాఠశాలలో మూలబడిన పాత కంప్యూటరైనను మన పనికి చాలును. బొత్తాము క్రింద నుండు చిన్న మీట, టక్కుమని చప్పుడుచేయు మైక్రోస్విచ్చి, ఊడదీసి తుడిచి మరల బిగించుట ఎనిమిదవ తరగతి పిల్లలకుకూడ సాధ్యము.

ఇంతవరకు మాకును విద్యార్థులకును భేదము లేదు. భేదమంతయు ఆ పెట్టెలో ఏ ఆటలు పెట్టవలెనను చోట కలదు. బజారులో వేయి ఆటలు, రెండువేల ఆటలు నింపిన చిన్న బోర్డులు అమ్ముచున్నారట. అట్టిదొకటి తెచ్చి తగిలించినచో ఒక్క సాయంకాలములో పని ముగియునని వారి ఆలోచన. మేము దీనిని ఒప్పుకొనము.

పాత బోర్డుల పనితీరును కంప్యూటరులో అచ్చముగా అనుకరించు మామె అను ప్రోగ్రామును ఇటలీ దేశస్థుడైన నికొలా సాల్మొరియా 1997 ఫిబ్రవరిలో ప్రారంభించెను. ఆ బోర్డులు నశించినను వాని పనితీరు మిగులవలెనని పూనుకొనిన గొప్ప ప్రయత్నమది. 2016లో ఆ ప్రోగ్రాము ఎల్లరును స్వేచ్ఛగా వాడుకొని మార్చుకొనదగిన దయ్యెను. కాని ప్రోగ్రాము స్వేచ్ఛగా లభించినంతమాత్రమున అందులో ఆడు ఆటలు ఊరివారి సొమ్ము కావు. వానిని రూపొందించిన సంస్థలకు హక్కులున్నవి. మన దేశమున 1957 నాటి కాపీరైటు చట్టము వానిని కాపాడుచున్నది. పాక్‌మానుకైనను ఇంకను గడువు తీరలేదు. వేయి ఆటల బోర్డు అమ్మువాడు ఆ వేయి హక్కులు కొన్నవాడు కాడు. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూడరాదని చెప్పు పాఠశాల తన వసారాలో దొంగసొమ్ము పెట్టుకొనుట యెట్లు? అచ్చుపనియే జీవనముగాగల శివకాశి ప్రక్కనే మనమున్నాము. ఒక అచ్చుకూటము గీయించిన బొమ్మను మరొకరు అడుగకయే అచ్చువేసికొన్నచో ఎంత రగడయగునో మన పెద్దలకు చెప్పనక్కరలేదు.

చట్టము మాట ప్రక్కనుంచినను ఇంకొక మాటయున్నది. వేయి ఆటలున్న పెట్టెలో ఎవ్వరును ఏ ఆటయు నేర్వరు. ఒకటి ముట్టి విడిచి మరొకటి ముట్టుచుందురు. మాకు నాలుగు ఆటలు చాలును. ఆ నాలుగును మనవే కావలెను. వానిని మన పిల్లలే వ్రాయవలెను.

మనవి యనగా నేవి? పులిజూదము, వామనగుంటలు, అష్టాచెమ్మ, వైకుంఠపాళి. ఇవి మనకు మాత్రమే చెందినవని మేమనము. తమిళ సోదరులు పులిజూదమును ఆడుపులి ఆట్టమనియు, వామనగుంటలను పల్లాంగుళి యనియు, అష్టాచెమ్మవంటి ఆటను తాయమనియు పిలుచుచు మనతో సమానముగా ఆడుచున్నారు. ఐనను ఆ ఆటలు ఆడుచున్నప్పుడు మన అవ్వల నోట వచ్చు తెలుగు మాటలు మనవి. ఎత్తులు, గుంటలు, గవ్వలు, పంటలు, కట్టులు. ఇవి పాఠ్యపుస్తకమున దొరకవు. ఆట ఆగిన నాడు మాటయు ఆగును.

ఈ సందర్భమున ఒక మహనీయుని తలంపక తప్పదు. కోవిల్పట్టి ప్రక్కనున్న ఇడైసెవల్ గ్రామమున 1923లో ఒక తెలుగు ఇంట పుట్టిన కీ. రాజనారాయణన్ గారు తమిళమున వ్రాసి కీర్తి గడించిరి. తెలుగువారు దక్షిణమునకు వలసవచ్చి ఈ నల్లరేగడి నేలను సాగుచేసిన కథను గోపల్ల గ్రామము అను నవలగా 1976లో వెలువరించిరి. దాని తరువాతి భాగమునకు 1991లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించెను. ఆయన 2021లో కీర్తిశేషులైరి. ఈ కరిసల్ నేలపై పల్లెజనులు పలుకు మాటలను ఏరికూర్చి ఒక నిఘంటువే చేసిరి. తన నేలపై పలుకు మాటలు పోకూడదని ఆయన పడిన శ్రమలో నూరవవంతు మన యిండ్లలోని ఆటమాటలకై మనము పడరాదా? పెట్టె కట్టుటకు ముందే ప్రతి విద్యార్థియు తన అవ్వయొద్దనో అమ్మమ్మయొద్దనో కూర్చుండి, ఆమె ఆడిన రీతిని, ఆమె పలికిన మాటలను వ్రాసికొని రావలెను. సాత్తూరు ప్రక్క ఊళ్లలో ఒకమాట, రాజపాళయము రాజుల యిండ్లలో మరొకమాట ఉన్నచో రెండును పెట్టెలో నుండవలెను. ఏది శుద్ధమైనదని తగవులాడవద్దు.

ఈ ఆటలను కంప్యూటరునకు నేర్పుట చిన్న పనికాదు. అందుచేతనే అది చదువు. పులిజూదపు పటమున 23 కూడళ్లు, 3 పులులు, 15 మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పెట్టవలెను. అన్నియు పెట్టువరకు ఏ మేకయు కదలరాదు. పులి గీతవెంట మేకపైనుండి దూకి ఆవలి ఖాళీ కూడలిలో పడినచో మేక చచ్చును. పులులు కదలలేకుండ చుట్టుముట్టినచో మేకలు గెలుచును. ఈ నాలుగు వాక్యములు మనిషికి చాలును, యంత్రమునకు చాలవు. 23 కూడళ్లలో దేనికేది ప్రక్కనున్నదో, ఏ కూడలినుండి దూకిన ఎక్కడ పడునో సమస్తము పట్టిక వ్రాసి యియ్యవలెను. ఒక్క గీత మరచినచో పులి గోడ దూకి పారిపోవును. వామనగుంటలు ఇంతకన్న సులభము: 14 గుంటలు చుట్టు తిరుగుట యనగా 14తో భాగించి శేషము చూచుటయే. ఏడవ తరగతి లెక్క.

అష్టాచెమ్మలో నాలుగు గవ్వలు వేయుదుము. నాలుగును వెల్లకిల పడినచో చెమ్మ, నాలుగును బోర్ల పడినచో అష్ట. గవ్వ ఎటుపడుటకైనను సమానావకాశమున్నదని అనుకొన్నచో 16 విధములలో చెమ్మ ఒకటి, అష్ట ఒకటి, రెండు పడు విధములు ఆరు. కాని నిజమైన గవ్వ నాణెమువంటిది కాదు. దాని వీపు గుండ్రము, నోరు చదును. అది ఎటు ఎక్కువ పడునో పుస్తకములో వెదకనక్కరలేదు. ఒక తరగతి పిల్లలు కూర్చుండి వేయిసార్లు గవ్వలు వేసి లెక్కవ్రాయవలెను. ఆ లెక్కయే యంత్రమున పెట్టవలెను. అప్పుడుగాని పెట్టెలోని గవ్వలు మన యింటి గవ్వలవలె పడవు. గణితోపాధ్యాయులు ఇంతకన్న మంచి పాఠము చెప్పగలరని మేము తలంపము.

వైకుంఠపాళి విషయమున మన ఊరికొక హక్కుకూడ కలదు. మన కొండపై వెలసిన నిన్ర నారాయణ పెరుమాళ్ కోవెల నూటయెనిమిది దివ్యదేశములలో నొకటి. వైకుంఠ ఏకాదశి రాత్రి జాగరము చేయువారు పరమపద సోపాన పటము పరచి పాములు నిచ్చెనల ఆట ఆడుట ఈ సీమలో అలవాటు. ఆ పటమును పెట్టెలో ఎక్కించునప్పుడు ప్రతి పాము పేరును, ప్రతి నిచ్చెన పేరును తెలుగున వ్రాయవలెను.

అక్షరముల మాట వచ్చినది. ఇదియే మా వాదమునకు మూలము. పాక్‌మాన్ తెర 224 చుక్కల వెడల్పు, 288 చుక్కల యెత్తు కలది. దానిని 8 చుక్కల చదరపు గడులుగా విభజించిరి. ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరము. ఇంగ్లీషు పెద్దబడి అక్షరములు ఆ గడిలో హాయిగా ఇమిడినవి. మన స్త్రీ అను అక్షరమును ఆ గడిలో ఇరికింపుడు చూతము! పైన గుడి, క్రింద రెండు వత్తులు. 8 చుక్కల యెత్తు ఎక్కడ చాలును? పాత పెట్టెలలో తెలుగు లేకపోవుటకు ఎవ్వరి ద్వేషమును కారణము కాదు. ఆ గడి మనకొరకు కొలిచినది కాదు, అంతే. నేటి కంప్యూటరులో ఆ ఇరుకు లేదు. 1991 నుండి యూనికోడ్ అను ప్రపంచ సంకేతపద్ధతిలో తెలుగునకు ప్రత్యేకస్థానము కలదు. స్త్రీ అను ఒక్క అక్షరము అందులో ఆరు సంకేతముల కూర్పు. ఐనను ఆటలు వ్రాయు సాధనములలో కొన్ని వత్తులను విడదీసి, గుణింతములను చెదరగొట్టి చూపుచున్నవి. పిల్లలు దీనికి లొంగి, పోనీ ఇంగ్లీషులోనే వ్రాయుదమని అనరాదు. మంచి దస్తూరిగల విద్యార్థిచేత మాటలను కాగితముపై వ్రాయించి, ఫొటో తీసి, బొమ్మలుగా పెట్టవచ్చును. లేదా వత్తులను సరిగా కూర్చు బ్రౌజరులోనే ఆటను నడుపవచ్చును. రెండు దారులును తెరచియున్నవి.

ఇంకొక సంగతి. ఎక్కువ పాయింట్లు తెచ్చుకొన్నవాని పేరు తెరపై నిలుపు ఆచారమున్నది. 1979 నాటి ఆస్టరాయిడ్స్ అను ఆటలో గెలిచినవారు మూడు ఇంగ్లీషు అక్షరములు మాత్రమే వ్రాసికొనగలిగిరి. ఆ మూడింటిలో ఏ పేరును ఇమడదు. పొడి అక్షరములే మిగులును. తెలుగున మూడక్షరములిచ్చి చూడుడు. రామయ్య, సీతమ్మ, వెంకన్న, గోవిందు పూర్తిగా నిలుతురు. నాలుగిచ్చినచో సుబ్బలక్ష్మియు నిలుచును. తన పేరు తన అక్షరములలో వెలుగుచుండ చూచిన పిల్లవాడు ఆ అక్షరములను పరీక్షకొరకు మాత్రమే నేర్చువానివలె ఉండునా?

తల్లిదండ్రులకు మనవి. 2006లో మన రాష్ట్రమున వచ్చిన చట్టము తమిళమును పాఠశాలలలో నిర్బంధ పాఠ్యాంశముగా చేసినది. తమిళము నేర్చుట మన పిల్లలకు లాభమే. ఈ నేలపై బ్రదుకువారు ఈ నేల భాష రానివారుగా ఉండుట మేమును కోరము. కాని తమిళము బజారులో, బస్సులో, సినిమాలో, స్నేహములో తానే వచ్చును. ఇంగ్లీషు ఉద్యోగమున కవసరమని అందరును నేర్పింతురు. తెలుగునకు మిగిలినది వంటయిల్లును, మన తరగతిగదియు మాత్రమే. మూడవచోటు ఒకటి కావలెను: పిల్లవాడు తనంతట తాను, మార్కులకై గాక, సంతోషమునకై తెలుగు చదువుచోటు. అట్టి చోటునకు ఈ చెదలుపట్టిన పెట్టెను ఏల వాడుకొనరాదు? పుస్తకములు కొనవద్దని మేమనలేదు. కాని అలమారలోని పుస్తకములను తెరచువారెందరో గ్రంథాలయపు ఖాతాపుస్తకమును చూచినవారికి తెలియును.

ఈ పెట్టెలో నాణెపు రంధ్రముండరాదు. ఉన్నచో దానిని మూయవలెను. పందెములు, డబ్బు, బహుమానములు ఏవియు వలదు. డబ్బు పణముగా పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను 2025లో పార్లమెంటు చట్టముచేసి నిషేధించినది; ఆ జాడ్యమువలన చెడిన కుటుంబములను మనము చూచియున్నాము. మధ్యాహ్న విరామమునను, బడి విడిచిన పిమ్మట అరగంటయు ఆడిన చాలును. ఆడపిల్లలకు వేరు వంతు ఉండవలెనని మేము పట్టుపట్టుచున్నాము. పూర్వపు అంగళ్లలో ఆ పెట్టెల ముందు ఆడపిల్ల నిలుచుట యెన్నడైన చూచితిరా? అష్టాచెమ్మయు, వామనగుంటలును ఇన్ని తరములు నిలిపినది ఆడవారే యైనప్పుడు వారిని వెనుకకు నెట్టుట అన్యాయము.

పెట్టె ప్రక్కపలకలపై బొమ్మ లేవి యని పిల్లలు కొట్లాడుకొనుచున్నారట. సినిమా వీరులు వద్దు. వారికి గోడలు చాలినన్ని ఉన్నవి. ఒక ప్రక్క పులియు మేకలును, మరియొక ప్రక్క గవ్వలును చింతగింజలును, పైన వెలుగు పలకపై పెద్ద తెలుగు అక్షరములతో పెట్టె పేరు. మన బొమ్మలకు బెంగుళూరో బొంబాయియో పోనక్కరలేదు. 2021లో మన తిరుత్తంగల్ కలిసిపోయిన శివకాశి కార్పొరేషనులో క్యాలెండర్లు, అగ్గిపెట్టెల చీటీలు, బాణసంచా పెట్టెల బొమ్మలు అచ్చువేయు యంత్రములు పగలు రాత్రి నడచుచున్నవి. మన పిల్లల తండ్రులలోనే ఆ పని చేయువారున్నారు. మిగిలిపోయిన కాగితపు తుండుపై అచ్చువేసి యిచ్చుట వారికి భారము కాబోదు. పెట్టె పేరు మాత్రము పిల్లలే పెట్టవలెను. వారి తండ్రులు ముస్తఫా యని పెట్టుకొన్నట్లు, వీరి నోటికి ఏది వచ్చునో అదియే.

ఆట సూత్రములు తెలుగున మొదట, క్రింద తమిళమున వ్రాయవలెనని మా సూచన. దీనికి కొందరు పెద్దలు ఒప్పుకొనకపోవచ్చును. పొరుగు తమిళ పిల్లవాడు వచ్చి మనవానితో ఆడి, పులిజూదమను మాట నేర్చుకొని పోయినచో నష్టమెవరికి? అతడు ఆడుపులి ఆట్టమున తన ఊరి ఎత్తు ఒకటి మనవానికి నేర్పిపోవును.

పెట్టె యిప్పుడు పైకప్పు సరిగాలేని కొట్టులో నున్నదని విన్నాము. ఐప్పసి వానలు వచ్చులోపల దానిని తెచ్చి పొడిచోట నుంచవలెను. తడిసిన పలక ఉబ్బినచో ఎంత మందు పూసినను నిలువదు. నిండు పెట్టె నూరు కిలోలకు తక్కువ తూగదు గనుక బండియు, నలుగురు పెద్దవారును కావలెను. ట్యూబు దింపగల మరమ్మతుదారు తల్లిదండ్రులలో ఎవరైననున్నచో పత్రికాసంఘమునకు తెలుపుదురుగాక. గవ్వలు వేయిసార్లు వేయు పని ఎనిమిదవ తరగతి వారు ఒప్పుకొనిరి. గవ్వలు మాత్రము ఇంకను దొరకలేదు.